పడమటి గది గడియ

"పంచదార లేని కాఫీ ఈ ఇంట్లో ఇచ్చానన్న మాట నాకొద్దమ్మా," అంటూ వంటావిడ గిన్నె దించేసింది. "ఇరవై ఏడేళ్ళుగా ఈ పొయ్యి దగ్గర ఉన్నాను. ఇలాంటి పొద్దు ఎప్పుడూ తెల్లారలేదు."

తొమ్మిదిన్నర దాటింది. మూడు రోజుల కిందట పట్టిన ముసురు ఇంకా వదల్లేదు. కిటికీ అద్దాల అవతల తోట, దాని వెనక వాగు, అన్నీ తడి బూడిద రంగులో కలిసిపోయాయి. పట్టపగలే వంటింట్లో దీపం పెట్టుకోవలసి వచ్చింది.

ఆ బంగళాలో తాళాలు ముప్పై ఒకటి. చెవులన్నీ ఒక్క గుత్తిలో ఉంటాయి. గుత్తి డాక్టరుగారి మేనత్త నడుముకుంటుంది. పొద్దున్న ఆరింటికి ఆవిడ గలగలమంటూ మెట్లు దిగితే పంచదార అలమర తెరుచుకుంటుంది, దుప్పట్ల గది తెరుచుకుంటుంది, ఇల్లు కళ్ళు నులుముకుని లేస్తుంది. ఆవిడ దిగకపోతే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. దిగని రోజంటూ ఉంటేగా.

ఇవాళ దిగలేదు.

పక్క మీద దుప్పటి మడత నలగకుండా ఉంది. శాలువా లేదు, చేతికర్ర లేదు, గుత్తి లేదు. తోటమాలి గొడుగేసుకుని బావి చుట్టూ, పళ్ళ తోట చుట్టూ రెండుసార్లు తిరిగొచ్చాడు. గేటు దాటి పిల్లి కూడా పోలేదని ఒట్టేశాడు.

"మీరే ఆ అలమర తీయండమ్మా," అంది వంటావిడ గొంతు తగ్గించి. "మీ చేతిలో పనేగా."

కోడలు అలమర తాళం వైపు చూసింది. ఆమె చేతిలో పనే. తాళాలు చేసే ఇంట పుట్టి, ఆకురాయి చప్పుడు వింటూ పెరిగింది. పన్నెండో ఏట తండ్రి ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఇరవయ్యో ఏటికి ఆయన్నే పక్కన కూర్చోబెట్టింది. కానీ మూడు నెలల కిందట పెళ్ళిచీరతో ఈ గడప దాటినప్పుడు మేనత్త ఆమెను తల నుంచి పాదాల దాకా చూసి అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది.

"చెవి లేకుండా తాళం తీసేవాళ్ళు లోకంలో ఇద్దరే. ఒకరు దొంగ, ఇంకొకరు మా కోడలు."

ఆ రోజే ఒట్టు పెట్టుకుంది, ఈ ఇంట్లో ఏ తాళం మీదా చెయ్యి వేయనని. మేనత్త ఆమెను పేరు పెట్టి పిలవదు, 'తాళాలమ్మాయి' అంటుంది. అలా అంటూనే, దుప్పట్ల గది తలుపు రోజూ ఓరగా వదిలేసి పోతుంది. అడిగితే, "మరిచిపోయానులే," అని మొహం తిప్పుకుంటుంది. ఆరేళ్ళ నాటి చింపిరి తువాలు ఎన్నో మడతలో ఉందో చెప్పగల మనిషి ఆవిడ. కొత్త కోడలు ప్రతిదానికీ చెయ్యి చాచి అడుక్కోకూడదని అలా మరిచిపోతోందని కోడలికి అర్థం కావడానికి నెల పట్టింది.

"ఒట్టు సంగతి ఆవిడ దొరికాక చూద్దాం," అని కోడలు జడలోంచి పిన్ను తీసింది. ఊపిరి పీల్చి వదిలేంతలో అలమర తెరుచుకుంది.

వంటావిడ నోరు తెరిచింది. "ఓసి దీని దుంప తెగ! ఇంతేనా? దీన్ని చూసా నేను ఇన్నేళ్ళూ భయపడింది?"

కోడలికి నవ్వొచ్చింది, సగంలో ఆగిపోయింది. ఇల్లంతా వెతికారు. వెతకనిది పై అంతస్తులో పడమటి వైపు ఒక్కటే. అటు ఎవరూ వెళ్ళరు. గోడలు నానాయి, దూలం పుచ్చింది, వర్షాకాలంలో ప్రమాదం అన్నది ఇంట్లో అందరూ చెప్పుకునే కారణం. చెప్పుకోని కారణం, ఆ చివర ఉన్న గది. అప్పుడప్పుడు మధ్యాహ్నం పూట అటు నుంచి అడుగుల చప్పుడు వినిపిస్తుంది. "పాతిల్లు. నాలాగే దానికీ కీళ్ళ నొప్పులు," అంటుంది మేనత్త.

వసారాలో బూట్లు విదిలించిన చప్పుడైంది.

"ఏం మేస్త్రీ, కాఫీ ఏదీ?" అని కోడల్ని అడుగుతూ ఆమె భర్త, పశువుల డాక్టరు, లోపలికి వచ్చాడు. రెయిన్‌కోటు నిండా బురద, గడ్డి, పశువుల కొట్టం వాసన. తెల్లవారకముందే అవతలి ఊళ్ళో ఆవు ఈనలేక కష్టపడుతోందని కబురొస్తే వెళ్ళాడు. "అడ్డం తిరిగింది. భుజం దాకా చెయ్యి పెట్టి తిప్పాల్సొచ్చింది. ఆడదూడ! నాకెందుకో నీలాగే చూసిందది, నువ్వెవడివి అన్నట్టు."

ఎవరూ నవ్వలేదు.

"ఏమైంది?"

"అత్తయ్యగారు కనపడటం లేదు," అంది కోడలు. "పొద్దుటి నుంచి. గుత్తి కూడా."

"అత్త ఎక్కడికి పోతుంది? గోదాములో..."

మాట పూర్తి కాలేదు. పైనుంచి, పడమటి వైపు నుంచి, చెక్క మీద చేత్తో తట్టిన చప్పుడు. రెండు దగ్గర దగ్గరగా. కాస్త ఆగి ఒకటి.

టక్ టక్. టక్.

"అదిగో, ఉన్నారు! పైనున్నారు!" అంది వంటావిడ.

కోడలు అప్పటికే మెట్ల వైపు రెండడుగులు వేసింది. వెనక్కి తిరిగి చూస్తే డాక్టరు కదల్లేదు. కొమ్ములు విసిరే ఎద్దు దగ్గరికి నవ్వుతూ నడిచే మనిషి, గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అది అత్త తట్టింది కాదు," అన్నాడు.

"మరెవరు?"

ఆమె వెనకే అతనూ మెట్లెక్కాడు.

---

పడమటి వరండాలో పైకప్పు నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కాదు, దారంలా కారుతున్నాయి. గోడ మీది పూల కాగితం ఉబ్బి పెచ్చులుగా వేలాడుతోంది. చివర గది తలుపు నల్లగా, నిండుగా నిలబడి ఉంది. దాని పైన దూలం మధ్యలో కుంగి, తలుపు చట్రం నెత్తి మీద కూర్చుంది.

"అత్తయ్యగారూ!" కోడలు తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని పిలిచింది. "లోపలున్నారా?"

కాసేపు వాన చప్పుడే. తర్వాత నేల మట్టం నుంచి సన్నగా ఒక గొంతు. "అరవకు తాళాలమ్మాయ్. చెముడు లేదు నాకు."

కోడలికి ప్రాణం లేచొచ్చింది. "ఏమైంది? పడ్డారా?"

"పైనుంచి పెచ్చు ఊడిపడితే పక్కకి జరగబోయాను. కాలు మడతపడింది. తుంటిలో ఏదో కలుక్కుమంది. లేవలేను. అంతకంటే ఏం లేదు."

"అంతకంటే ఏం లేదట!" అని వంటావిడ ముక్కు చీదింది.

తోటమాలి గొడ్డలి తీసుకుని పరిగెత్తుకొచ్చాడు. "పక్కకి జరగండమ్మగారూ, రెండు దెబ్బల్లో..."

"వద్దు!" కోడలు గొడ్డలి పిడి పట్టుకుంది. "పైన చూడు. దూలం బరువంతా ఈ చట్రం మోస్తోంది. గొడ్డలి దెబ్బ పడితే తలుపు కంటే ముందు కప్పు దిగుతుంది. ఆవిడ సరిగ్గా దాని కిందుంది."

"కిటికీ?"

"కిటికీకి ఊచలు. నువ్వు పందిరి గుంజలు రెండు పీక్కురా. దూలానికి ఆసరా పెడదాం. వంటావిడగారూ, మీరు వెడల్పాటి బల్ల, దుప్పట్లు."

వాళ్ళిద్దరూ దిగిపోయారు. వరండాలో భార్యాభర్తలు మిగిలారు. డాక్టరు తలుపుకు నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయాడు.

కోడలు లేచి అతని దగ్గరికి వచ్చింది. పెళ్ళయిన రోజు అతను అడిగింది ఒకటే. 'పడమటి గది తాళం జోలికి వెళ్ళకు. ఎందుకని అడక్కు.' ఆమె అడగలేదు. వెళ్ళలేదు. ఆమె తండ్రి నేర్పిన పద్ధతి కూడా ఒకటుంది. పరాయి తాళం ముందు కూర్చుంటే యజమాని తలుపు మీద చెయ్యి ఆనించాలి, 'తెరువు' అని నోటితో అనాలి. చెయ్యీ నోరూ రెండూ ఉంటేనే అది పని, లేకపోతే దొంగతనం. పోయిన ఏడు ఈ ఇంటికి మొదటిసారి వచ్చింది అలాగే. మామగారు పోయాక ఆయన ఇనప్పెట్టె తీయడానికి పిలిపించారు. డాక్టరు ఒక చెయ్యి పెట్టె మీద ఆనించి, రెండో చేత్తో దీపం పట్టుకున్నాడు. పెట్టెలో పాత దువ్వెన ఒకటి తప్ప ఏమీ లేదు. వాళ్ళమ్మదట. అతను చాలాసేపు దాన్ని చూస్తూ ఉండిపోతే, ఆమె పనేమీ లేకపోయినా ఆకురాయి తీసి ఏదో రుద్దుతూ తల వంచుకు కూర్చుంది.

"ఒక్క మాట అనండి," అంది ఇప్పుడు. "తెరువు అనండి, చాలు."

"నావల్ల కాదు."

"మీ అత్త లోపల పడుందండీ."

"తెలుసు!" అన్నాడు. "తెలుసు. నువ్వా తట్టడం విన్నావా? రెండు, ఆగి ఒకటి. అది మా అమ్మ తట్టే తీరు. నా గది తలుపు అలాగే తట్టేది. నేనూ అలాగే తిరిగి తట్టేవాణ్ణి. అది మా ఇద్దరి ఆట."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. మంచుగడ్డలా ఉంది.

"నాకు ఎనిమిదేళ్ళు. అమ్మకి అంటు జ్వరం. ఈ గదిలో పెట్టారు. నాన్న తలుపు తీయొద్దన్నారని అత్త చెప్పింది. చివరి రోజు మధ్యాహ్నం నేను ఇక్కడే కూర్చున్నాను, నువ్వు కూర్చున్న చోటే. లోపలి నుంచి తట్టింది. రెండు, ఆగి ఒకటి. మళ్ళీ. మళ్ళీ. నన్ను పిలిచింది. తాళంచెవి నా చేతిలోనే ఉంది తెలుసా? నాన్న బల్ల మీంచి తీసుకొచ్చాను. గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాను. తీయలేదు. నాన్న కొడతారని భయం. తర్వాత తట్టడం ఆగిపోయింది."

వాన ఒక్కసారి పెద్దదై మళ్ళీ తగ్గింది.

"తీసుంటే ఒక్కసారి చూసుకునేది," అన్నాడు. "అంతే కదా ఆవిడ అడిగింది."

ఆ నొప్పి మీద వేయడానికి తగిన మాట కోడలి దగ్గర లేదు. అతని చెయ్యి రెండు చేతుల మధ్య పెట్టి కాసేపు రుద్దింది, చలికాలంలో తండ్రి పనికి కూర్చోబోయే ముందు వేళ్ళు వెచ్చబెట్టుకున్నట్టు. తర్వాత వదిలేసింది.

"సరే. మీరనొద్దు. మీకిచ్చిన మాట తప్పుతున్నాను. ఆవిడ బయటికొచ్చాక నన్ను తిట్టండి, మాట్లాడటం మానేయండి, ఏమైనా చేయండి. ముందైతే దీపం పట్టుకోండి."

"నువ్వు..."

"తాళం మీద పట్టుకోండి. పోయినసారిలా నా మొహం మీద కాదు."

అంత బాధలోనూ అతని పెదవి ఒక పక్కకి కదిలింది. దీపం అందుకున్నాడు.

ఆమె కొంగు బిగించి మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుంది. పైకొస్తూ దీపంతో పాటు వెంట తెచ్చుకున్న పనిసంచిలోంచి పళ్ళు కోయని తాళంచెవి ఒకటి తీసింది. దీపం మీద దానికి మసి పట్టించి రంధ్రంలో పెట్టి తిప్పితే, లోపల ఎక్కడెక్కడ తగులుతుందో అక్కడల్లా మసి చెరిగిపోతుంది. చెరిగిన చోట అరగదీస్తే ఆ తాళానికి చెవి తయారవుతుంది. కానీ రంధ్రం దగ్గర వేలు పెట్టగానే ఆగిపోయింది. వేలు వాసన చూసింది.

"నూనె," అంది.

"ఏమిటి?"

"ఇది ఇరవై ఏడేళ్ళు మూసి ఉన్న తాళం కాదండీ. నెలనెలా నూనె తాగుతున్న తాళం." మసి పట్టించిన చెవిని పెట్టి మెల్లగా తిప్పింది. బయటికి తీసి దీపం దగ్గర చూసి, తలుపు సందులోకి వంగి చూసింది. "ఇంకో సంగతి. అసలు తాళం వేసి లేదు. తాళం నాలుక తలుపు లోపలికే ముడుచుకుని ఉంది. అత్తయ్యగారు చెవితో తీసే వెళ్ళారు."

"మరి తలుపెందుకు రావడం లేదు?"

ఆమె పలచటి ఉక్కు రేకు తీసి తలుపుకు, చట్రానికి మధ్య సందులో దూర్చింది. కింద నుంచి పైకి జరుపుకుంటూ పోయింది. నడుమెత్తు, ఛాతీ ఎత్తు. లేచి నిలబడింది. తల ఎత్తుకు వచ్చేసరికి రేకు ఠంగుమని ఆగింది.

"గడియ," అంది. "లోపలి వైపు. నిలువెత్తున. పాతదే, తలుపుతో పాటు పెట్టింది. ఇది పడితే తాళంచెవి ఉన్నా లేకపోయినా ఒకటే. బయటి నుంచి ఎవరూ..."

మాట అక్కడే ఆగింది. ఆమె మెల్లగా అతని వైపు తిరిగింది.

"మీ అమ్మగారున్న రోజుల్లో ఈ గడియ వేసి ఉండేదా?"

"నాకేం తెలుసు? అత్త అన్నం పట్టుకుని వెళ్ళినప్పుడల్లా లోపల గడియ పడ్డ చప్పుడు... అవును. వినపడేది."

"అయితే వినండి. ఆ రోజు మీరు తాళం తీసినా తలుపు వచ్చేది కాదు. విన్నారా? మీ గుప్పిట్లో ఉన్న చెవి ఈ తలుపు తీయగలిగేది కాదు. ఎనిమిదేళ్ళ పిల్లాడు కాదు, మా నాన్న వచ్చినా తీయలేకపోయేవాడు."

అతను ఆమెను చూస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్ళుగా నెత్తిన మోస్తున్న బండ దింపుకోమంటే, చేతులు ఎలా తీయాలో మరిచిపోయిన మనిషిలా నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏదో అనబోయాడు.

అంతలో అతని కనుబొమలు ముడిపడ్డాయి.

"ఆగు," అన్నాడు. "గడియ లోపలుంటే, అమ్మ లోపలే ఉందిగా. తీసుకోవచ్చుగా తనే? నన్ను పిలుస్తూ తలుపెందుకు తట్టింది?"

ఆమెకూ అప్పుడే ఆ ప్రశ్న తోచింది. గోడ లోపల ఎక్కడో మట్టి జారిన చప్పుడైంది. ఇద్దరూ ఒకేసారి తలుపు వైపు చూశారు.

"గడియ మీద చెయ్యి నాది గనక," అంది తలుపు కింద నుంచి గొంతు.

---

రేకు కోడలి చేతిలో అలాగే ఆగిపోయింది.

"అత్తా?" అన్నాడు డాక్టరు.

"ఇవాళ తారీఖు ఎంతో నీకు గుర్తుందో లేదో. నాకు గుర్తుంది. ఏటా మీ అమ్మ పోయిన ఈ రోజు వచ్చి కాసేపు కూర్చుంటాను. మిగతా నెలల్లో దుమ్ము దులిపి పోతాను. ఈ రోజు మాత్రం గడియ వేసుకుంటాను."

"అత్తయ్యగారూ, ఇవన్నీ బయటికొచ్చాక చెప్పుకుందాం," అంది కోడలు. "నేను గడియ జరుపుతాను. మీరు కాస్త పక్కకి..."

"నువ్వు నోరు మూసుకో, తాళాలమ్మాయ్. నీ పని నువ్వు చెయ్యి, వద్దనను. నీ చెయ్యి ఎంత చురుకో నాకు తెలుసు. నువ్వు తీసేలోపు నేను చెప్పేది చెప్పనీ. వాడి మొహం చూస్తే చెప్పలేను. ఇరవై ఏడేళ్ళుగా రోజూ చూస్తూనే ఉన్నాను, ఒక్క రోజూ చెప్పలేకపోయాను."

కోడలు భర్త వైపు చూసింది. అతను తల ఊపలేదు, వద్దనీ అనలేదు. ఆమె రేకు కొన గడియకు ఆనించి పక్కకి నెట్టింది. వెంట్రుకవాసి జరిగింది. రేకు వెనక్కి తెచ్చి మళ్ళీ ఆనించింది. ఇంకో వెంట్రుకవాసి.

"ఆ జ్వరం పిల్లల్ని బతకనివ్వదన్నాడు వైద్యుడు. గుమ్మంలోకి కూడా రానివ్వొద్దన్నాడు. మీ అమ్మకి నేనే చేశాను అన్నీ. చివరి రోజు ఆవిడకి తెలిసిపోయింది. తలుపు బయట నువ్వున్నావనీ తెలిసింది, నీ తుమ్ము వినపడింది. లేచింది. పది రోజులుగా లేవని మనిషి గోడ పట్టుకుని తలుపు దాకా నడిచింది. 'ఒక్కసారి, దూరం నుంచే,' అంది. నేను గడియ మీద చెయ్యేసి నిలబడ్డాను."

వెంట్రుకవాసి. ఇంకొకటి.

"బతిమాలింది. తలుపు తట్టింది, మీ ఆట ఉందే, అలాగ. ఇందాక నేను తట్టిందీ అదే. నా చెయ్యి లాగింది. కొరికింది. వదల్లేదు నేను."

కోడలికి మేనత్త కుడి మణికట్టు మీది మచ్చ కళ్ళ ముందు మెదిలింది. చంద్రవంకలా ఉంటుంది. గుత్తి తిప్పుతున్నప్పుడు కనపడితే ఆవిడ వెంటనే శాలువా కొస మీదికి లాక్కుంటుంది. కాలిన మచ్చ అని చెప్పింది.

"నువ్వు బతకాలనే చేశాను. బతికావు. కానీ వదినని ఒక్క నిమిషం చూడనిస్తే నువ్వు పోయేవాడివా? వైద్యుడు చెప్పింది నిజమేనా? తలుపు అవతలే నిలబెట్టి చూపించాల్సిందేమో. ఆ 'ఏమో' ఉందే, నాన్నా, దానికి తాళంచెవి లేదు."

డాక్టరు తలుపు దగ్గరికి వచ్చాడు. ఎప్పుడొచ్చాడో ఆమె గమనించలేదు. దీపం కింద పెట్టేశాడు.

"ఇంకోటి కూడా విను. మీ నాన్న తీయొద్దన్నాడని నీతో చెప్పింది నేను. ఆయన అనలేదు. ఆయనకి ఆ మధ్యాహ్నం సంగతే తెలియదు, ఊళ్ళో లేడు. తర్వాత నువ్వు ఆయన్ని చూసే చూపు చూసి ఆయనే అడిగితే నిజం చెప్పాను. 'పోనీ, నా మీదే ఉండనీ. వాడికి నువ్వు కావాలి,' అన్నాడు. పోయేదాకా ఆ నింద మోశాడు. నువ్వు ఆయనతో నోరారా మాట్లాడని ప్రతి రోజూ ఈ ఇంట్లో నేను గుత్తి పట్టుకుని తిరిగాను."

ఆ గొంతులో ఏడుపు లేదు. అలిసిపోయిన మనిషి మెట్టు మెట్టుకీ ఆగి దిగుతున్నట్టుంది.

పైనుంచి తడి సున్నం ముద్ద ఒకటి లోపల పడ్డ చప్పుడైంది. "అమ్మో," అంది మేనత్త చిన్నగా. అంత చిన్నగా ఆవిడ ఏదీ అనగా కోడలు వినలేదు.

"గుంజలొచ్చాయి!" కింద నుంచి తోటమాలి కేక. మెట్ల మీద బరువైన అడుగులు.

రేకు కింద గడియ ఇంకో గోరు మందమే మిగిలింది. పది నెట్లు, ఎక్కువైతే పన్నెండు. కోడలు చెయ్యి ఆపలేదు. కానీ భర్త చెయ్యి తన చేతి పక్కనే పైకి వచ్చి తలుపు మీద ఆనడం చూసి, తనకు తెలియకుండానే ఆగింది. అరచెయ్యి మొత్తం ఆనించాడు, వేళ్ళు విచ్చుకుని, ఆ రోజు ఇనప్పెట్టె మీద ఆనించినట్టే. చెయ్యి వచ్చింది. ఇక నోరు రావాలి.

"నాన్నా," అంది మేనత్త. "ఆ చెయ్యి నీదేనా? చెక్క కదిలింది. ఇప్పుడు చెప్పు. అంతా విన్నాక కూడా తీయాలనుంటే తీయించు. లేదూ, అంటే... నేనేమీ అనుకోను. గడియ అవతల ఉండటం ఎలా ఉంటుందో నాకు తెలియాల్సిందే."

"పిచ్చి మాటలు ఆపండి," అంది కోడలు. "మిమ్మల్ని అక్కడ వదిలేస్తే రేపటి నుంచి దుప్పట్ల గది తలుపు ఎవరు మరిచిపోతారు?"

లోపల ఆవిడ నవ్విందో ఏమో తెలియలేదు.

డాక్టరు మొహంలోకి చూడటానికి కోడలు భయపడింది. చూసింది. కోపం ఉంది. నిజంగానే ఉంది, దవడ ఎముక కింద నరం కొట్టుకుంటోంది. దాని వెనక, జోలపాట పాడి, జడుసుకుంటే వెన్ను తట్టి, ఇరవై ఏడేళ్ళు అన్నం పెట్టిన ఆ ముసలి చెయ్యి కూడా ఉంది. ఆ చెయ్యే గడియ మీద ఉందిట. రెండూ ఒకే చెయ్యి.

'తెరువు,' అనండి, అని మనసులో అంది. ఒక్క మాట.

అతను అనలేదు.

అరచెయ్యి ముడిచి, వేలి కణుపులతో తలుపు తట్టాడు. రెండు దగ్గర దగ్గరగా. కాస్త ఆగి ఒకటి.

టక్ టక్. టక్.

మెట్ల మీద అడుగులు కూడా ఆగిపోయాయి. వాన మాత్రం పడుతోంది.

లోపల ఏదో నేల మీద ఈడ్చుకున్న చప్పుడైంది. కర్ర తగిలిన చప్పుడు. పళ్ళ బిగువున ఆపుకున్న మూలుగు, దాని వెంట గోడను తడుముకుంటూ పైకి, ఇంకా పైకి, గోళ్ళు గీరిన చప్పుడు.

"అత్తా, లేవకు!" అన్నాడు డాక్టరు. "ఎముక విరిగుంటే..."

కోడలి చేతిలో రేకు గడియకు ఆని కదలకుండా ఉంది. గడియ నిలువెత్తున ఉంది. తుంటి కదలని మనిషికి అందేది కాదు.

రేకు కదిలింది. ఆమె కదపలేదు; అవతల ఒక చెయ్యి గడియ తీస్తోంది.